రైతుగృహమున తల్లి చదువు

కుప్పనూర్పిళ్లు ముగిసి ధాన్యము పురికెక్కు వరకు మన కృష్ణాడెల్టాలోని రైతుగృహమున ఇల్లాలికి తీరిక యనుమాట లేదు. తెల్లవారుజామున లేచి, వాకిట కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, పాలు పితికి, దాలి ముట్టించి, పొలమునకు పోవువారికి అన్నము సిద్ధపరచి, బిడ్డలను బడికంపి, మరల సాయంకాలపు పాల వేళవరకు ఆమె చేతులకు విశ్రాంతి యుండదు. అట్టి యిల్లాలితో ‘కొంచెము పుస్తకము చదువుకొనరాదా’ యనిన ఆమెకు నవ్వు వచ్చును. అయినను ఈ మాసమున మేము ఆ విషయమునే వ్రాయదలచితిమి.

ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు, పరపతిని గూర్చియు సంఘపత్రికలలో తరచు వ్రాయబడుచునే యున్నది. ఆ పత్రిక ఇల్లు చేరిన పిదప దానిని చదువువారెందరు? యజమాని ఒకమారు చూచి, మడిచి, దూలము సందున దోపును. ఇల్లు నడుపు తల్లి దానిని ముట్టదు. ధాన్యమమ్మిన సొమ్ము ఆమె చేతిమీదుగనే ఖర్చగును. విత్తనపు గింజ ఆమె కాపుదలలోనే యుండును. బిడ్డ బడికి పోవుటయు మానుటయు ఆమె మాటపైననే చాలవరకు ఆధారపడియుండును. ఆమెకు చేరని విషయము ఆ ఇంటికి చేరినట్లు కాదని మా యభిప్రాయము.

మినుముల చాట – గట్టి చదువు

మా పుట్టినిల్లు గుడివాడ ప్రాంతము. అత్తవారి ఊరు దివిసీమలో కోడూరు దాపున, సముద్రపు పోటునీరు కాలువలలోనికి ఎక్కివచ్చు చోట. మేము కాపురమునకు వచ్చిననాడు పుట్టింటివారు సారెతోపాటు నాలుగు పుస్తకములు పెట్టె యడుగున పెట్టి పంపిరి. అత్తవారింట అక్షరము తెలిసిన ఆడుది లేదు. మొదటి సంవత్సరము ఆ పెట్టె యడుగునకు చేయి పోనిచ్చుటకే జంకితిమి.

ఒకనాటి మధ్యాహ్నము దాలిలో పాలు కాగుచుండగా, ఆ పొగచాటున కూర్చుండి చదువుకొనుచుంటిమి. మా అత్తగారు చూచిరి. కోపింతురేమోయని మేము భయపడితిమి. ఆమె లోపలికి పోయి చాటనిండ మినుములు తెచ్చుకొని మాప్రక్కన చదికిలబడి, “ఏమమ్మాయీ, నీలో నువ్వు చదువుకుంటే నాకేం వినపడుతుంది? కాస్త గట్టిగా చదువు” అనిరి. ఆనాటినుండి మా యింట మధ్యాహ్నపు చదువు గట్టి చదువే యయ్యెను. ఆమె రాళ్లేరెడివారు, మేము చదివెడివారము. చాటలో చేయి ఆగినదనిన, కథ మంచి పట్టునకు వచ్చినదని మాకు తెలియుచుండెను. కొన్నాళ్లకు ఇరుగుపొరుగు స్త్రీలును తమ తమ చాటలతో, అల్లికలతో రాసాగిరి.

దీనివలన మేము నేర్చినదేమనగా: చదువుటకు ఇంటిలో ఒక్కరు చాలును, వినుటకు చదువే యక్కరలేదు. నాట్లు వేసి, కలుపు తీసి, ప్రొద్దుగూకి ఇల్లు చేరిన కూలితల్లిని పలకపట్టుమనుట కఠినము. కాని ఆమె బిడ్డ దీపముకడ కూర్చుండి పాఠము పైకి చదువుచుండ ఆమె కూర తరుగుచు వినవచ్చును. వినువారున్నారని తెలిసిన బిడ్డ తడబడక, తొందరపడక చదువును. తెలియనిచోట తల్లి ‘అదేమిట్రా’ యని యడుగును. చెప్పవలసి వచ్చుటచేత బిడ్డకు ఆ విషయము మరింత బోధపడును.

బందరు పట్టణమున జరిగిన కృషి

గృహిణులకు చదువనునది ఈనాటి క్రొత్త పోకడ యనుకొనువారు మన జిల్లా చరిత్రను తలచుకొనవలెను. నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలులో 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు బడిలో చదివినవారు కారు. చిన్ననాడే తండ్రి పోయెను. పదియేండ్ల ప్రాయముననే వివాహమై మధ్యపరగణాలకు కాపురము పోయిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు అక్కగారి యింట నుండి చదువుకొనుచుండ, అతని ప్రక్కన కూర్చుండి ఆమెయు నేర్చిరి. తెలుగుతో నాగక హిందీ, మరాటీ మొదలగు భాషలను గూడ అభ్యసించిరి. కన్నబిడ్డలను పోగొట్టుకొనిన దుఃఖములోనే పూర్వస్త్రీల చరిత్రములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిరి. 1902లో ఈ బందరు పట్టణముననే ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. అనాథబిడ్డలను చేరదీసి పెంచిరి. 1905 జనవరిలో, ముప్పదియొక్క యేండ్లైనను నిండకమునుపే ప్లేగువ్యాధిచే మరణించిరి.

ఆ 1902లోనే బందరునందు కృష్ణాపత్రిక పుట్టినది. దానిని 1907 మొదలు 1945 వరకు నడపిన ముట్నూరి కృష్ణారావుగారు మన దివిసీమవారే. చాటుపద్యములను వెదకి కూర్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారిది పెదకళ్లేపల్లి. నోటినుండి నోటికి వచ్చినది కాగితమున కెక్కనిచో ఒక తరముతో పోవునని ఆయన గుర్తించినట్లే, మన యిండ్లలోని తల్లులును గుర్తింపవలసియున్నది. రోకటిపాట, నాట్లపాట, బిడ్డల జోలపాట, బాలెంతకు పెట్టు కాయము, ఉప్పునేల కోర్చు దోసవిత్తు – ఇవన్నియు ముసలమ్మల తలలలో నున్నవి. చదువు నేర్చిన మనుమరాలు నోటుపుస్తకము పట్టుకొని సాయంకాలము అవ్వ దగ్గర కూర్చుండినచో ఆ యింటికొక గ్రంథము సిద్ధమగును. మా అత్తగారు విత్తనములను బూడిదలో కలిపి బుఱ్ఱలో దాచెడివారు. మేము ఆ బుఱ్ఱకు ఏ పాదువో, ఏ యేటివో వ్రాసిన చీటి కట్టుచు వచ్చితిమి. అది మొదట మాకొక వేడుక మాత్రమే. ఏ విత్తు ఏ యేట బాగుగా కాచినదో నాల్గేండ్లలో ఆ చీటీలే చెప్పసాగినవి.

ఏటికి ఆవలి గట్టున 1935లో జరిగిన మరియొక పనిని గూడ ఇక్కడ చెప్పవలెను. పాతూరి నాగభూషణముగారు కొల్లూరు–పెదవడ్లపూడి మార్గమున కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిరి. పుస్తకములకొరకు పల్లెవాడు పట్టణము పోలేనప్పుడు పుస్తకమే పల్లె రేవునకు వచ్చినది. నీళ్లబిందె ముంచుకొనుటకు వచ్చు రేవుననే పుస్తకము దొరకునెడల ఇల్లాలికి ప్రత్యేకముగా ప్రయాణము చేయవలసిన పనిలేదు. స్త్రీలకు చదువబ్బవలెననిన వారి దారిలోనికి పుస్తకము రావలెను.

ఉప్పెన నేర్పిన పాఠము

1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో మరచినవారు లేరు. ఆ ఉప్పెనలో వేలకొలది జనులు మృతులైరి. మేము, చంకబిడ్డ, అత్తగారు ఊరిగుడి పైకప్పున ప్రాణములు దక్కించుకొంటిమి. నీరు తీసిన పిదప ఇంటిచోట గోడలే లేవు. పుస్తకముల పెట్టె మాత్రము తుమ్మకంపలో చిక్కుకొని దొరికెను. అత్తగారు ఆ తడిసిన ఆకులను ఒక్కొక్కటిగా విడదీసి, గడ్డిపై పరచి, గాలికి పోకుండ మట్టిబెడ్డలుంచి ఆరబెట్టిరి. అక్షరము తెలియని ఆమె వరుస తప్పకుండ నెట్లు పేర్చిరోయని ఆశ్చర్యపడితిమి. “నువ్వు చదివిన కథే గదా, నాకు వరుస తెలవదూ? బొమ్మల్ని పట్టి పెట్టాను” అనిరి.

ఆ వారములలోనే చదువు యొక్క విలువ మాకు పూర్తిగా తెలియవచ్చెను. భర్తలను గోల్పోయిన స్త్రీలు సహాయము పొందుటకు కాగితములపై వ్రేలిముద్రలు వేయవలసివచ్చెను. వానిలో నేమున్నదో వారెరుగరు. మా యూరి ఇల్లాలొకతె ముద్రవేసి వచ్చిన నాల్గవనాడు తన నకలు మాకు చూపెను. బ్రతికిన ముగ్గురు బిడ్డలలో కడసారివాని పేరు అందు లేదు. వ్రాసినవాడు తొందరలో విడిచెను. చదువగలిగినచో ఆమె అక్కడనే చెప్పియుండును. ఆ పేరు చేర్పించుటకు ఆమె బిడ్డనెత్తుకొని పలుమారులు తిరుగవలసివచ్చెను. నాటినుండి మేము గట్టుపై కూర్చుండి అర్జీలు వ్రాయుచు, వ్రాసినదానిని రెండుమారులు పైకి చదివి వినిపించి, ఆ పిమ్మటనే ముద్ర వేయనిచ్చుచుంటిమి.

తీరమునందలి తల్లులందరును ఓడరేవు హెచ్చరిక గుర్తుల యర్థమును నేర్చుకొనుట మంచిది. 1, 2 సంఖ్యలు దూరమున సముద్రముపై వాతావరణము చెడినదని తెలుపును; 3, 4 సంఖ్యలు రేవునకే గాలివానల భయము కలదని చెప్పును; 5 మొదలు 7 వరకు అపాయమును, 8 మొదలు 10 వరకు మహాపాయమును సూచించును; 11 అనగా వార్తాసంబంధములు తెగిపోయినవని యర్థము. బందరు రేవున ఎన్నవ సంఖ్య ఎగురవేసిరో వినినంతనే బిడ్డలను, పశువులను, కాగితములను ఎప్పుడు కదల్పవలెనో తల్లి నిర్ణయించుకొనగలదు.

పద్దుపుస్తకము

కథలు చదువుకొనుటకు తీరికలేని ఇల్లాలు పద్దుపుస్తకముతో మొదలుపెట్టవచ్చును. ఒకప్రక్క పాలు, గ్రుడ్లు, పెరటి కాయగూరల రాబడి. రెండవప్రక్క దుకాణపు బాకీ, బడిఖర్చు, మందులు. మూడు నెలలు వ్రాసినచో ఇంటి సంగతి తెలియును. అప్పు విషయములోను ఇట్లే. ఊరివాడుకలో ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ యనిన చిన్నదిగా తోచును. అది నెలకు రెండు. ఏటికి నూటికి ఇరువదినాలుగు. 50,000 రూపాయలను ఆ లెక్కన ఎనిమిది నెలలు వాడుకొనిన వడ్డీయే 8,000 రూపాయలగును. ఏటికి నూటికి ఏడు చొప్పున ఆ సొమ్మే దొరకునెడల అదే కాలమునకు 2,333 రూపాయలు మాత్రమగును. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన చూచిన ఇల్లాలు సంఘపు వాయిదా తప్పనీయదు.

చదువుచుండ అన్నము మాడునని ఆక్షేపించు పెద్దలు కలరు. మా యింట రెండుమారులు మాడిన మాట నిజమే, దాచుకొననక్కరలేదు. మరికొందరు, అందరి చేతులలోను సెల్‌ఫోనులుండ పుస్తకమెందుకందురు. ఆ పరికరము ఉపకారియే. వానరాకడయు, ధరవరలును దానిలో తెలియును. కాని దానిలో ఎవరికి వారే మునిగియుందురు. ఒకరు చదువ పదుగురు వినుటయను ఇంటికూటమి దానివలన సమకూరుట లేదు. దానిలో వచ్చినదానినైనను పైకి చదివి చర్చించుకొనినచో మాకాక్షేపణ లేదు.

సంఘములు చేయదగినది

1912 నాటి సహకారచట్టములోనే, నికరలాభములో నాల్గవవంతును రిజర్వునిధికి చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో నూటికి పదివంతులకు మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో విద్య మొదలగు ధర్మకార్యములకు వినియోగింపవచ్చునని యుండెను. సహకారమనిన అప్పులిచ్చి వసూలుచేయుట మాత్రమే కాదని ఆనాటివారును ఎరిగియుండిరి. నేడు అమలునందున్న నియమముల ననుసరించి మన సంఘములు ఏమి చేయగలవో కార్యదర్శులు సభ్యులకు తెలుపవలెను.

మేము కోరునది పెద్దపని కాదు. ప్రతి సంఘకార్యాలయమున ఒక బీరువా. దానిలో వ్యవసాయము, ఆరోగ్యము, బిడ్డల పెంపకము, మంచి కథలు గల పుస్తకములు కొన్ని. దాని తాళపుచెవి సభ్యురాలైన ఒక స్త్రీ చేతిలో నుండవలెను. పాలకేంద్రమునకు స్త్రీలు వచ్చు వేళనే అది తెరువబడవలెను. నెలకొకమారు ఈ పత్రికను చావడిలో పైకి చదివి వినిపింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ కాగితమునైనను పూర్తిగా చదివి వినిపింపక ఏ స్త్రీచేతను వ్రేలిముద్ర వేయింపరాదని సంఘములు తీర్మానించుకొనవలెను.

సభ్యులారా! ఈ సంచికను దూలము సందున దోపకుడు. నేటిరాత్రి భోజనములైన పిదప బిడ్డచేతికిచ్చి, మీ ఇంటి తల్లి వినునట్లు దీనిని పైకి చదివింపుడు. ఆమె యేమనునో వినుడు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ఆమెను గూడ తోడ్కొనిరండు.