తెర చిన్నదే, చూడాల్సింది దాన్నే

2021లో క్రిప్టో వాలెట్లు అమ్మే లెడ్జర్ కంపెనీ కస్టమర్లు కొందరికి ఆర్డరు పెట్టకుండానే కొత్త హార్డ్‌వేర్ వాలెట్ పార్సిల్లో వచ్చింది. ప్యాకింగు కొత్తదానిలాగే ఉంది. లోపల కంపెనీ అధిపతి పేరుతో ఉత్తరం: కస్టమర్ల వివరాలు బయటికి పొక్కాయి, భద్రత కోసం ఇకపై ఇది వాడండి. 2020లో వివరాలు పొక్కిన మాట నిజమే. వాలెట్ మాత్రం దొంగది. విప్పి చూస్తే బోర్డుకు పెన్‌డ్రైవ్ భాగం అతికించి ఉంది. కంప్యూటర్‌కు తగిలించి అందులోని యాప్ తెరిస్తే, వాలెట్‌ను తిరిగి తెరిచే రికవరీ పదాలు అడుగుతుంది. అవి కొట్టారా, సొమ్ము గోవిందా!

అసలు వాలెట్లో నాణేలేమీ ఉండవు. అవి బ్లాక్‌చెయిన్ లెక్కల్లోనే ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీ మాత్రమే వాలెట్లో ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ పెట్టాక కంప్యూటర్ లావాదేవీ వివరాలు పంపుతుంది, వాలెట్ లోపలే సంతకం చేసి తిరిగిస్తుంది. కీ గడప దాటదు. కంప్యూటర్లో వైరస్ ఉన్నా ఫరవాలేదని చాలామంది నిశ్చింతగా ఉండేది ఇందుకే. చిక్కూ ఇక్కడే ఉంది: కీ చిక్కని దొంగ యజమాని చేతనే సంతకం పెట్టిస్తాడు.

కాపీ చేసిన అవతలివారి వాలెట్ చిరునామాను పేస్టు చేసేలోపే మార్చేసే మాల్‌వేర్లున్నాయి. మానిటర్ మీద ఏం కనిపించినా, వాలెట్ తెర మీది చిరునామాను మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోల్చుకున్నాకే బటన్ నొక్కాలి. మొదలూ చివరా మాత్రమే కలిసే చిరునామాలతో వల వేసేవాళ్లూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో దుబాయ్‌లోని బైబిట్ ఎక్స్ఛేంజి దాదాపు 150 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అధికారుల ముందున్న కంప్యూటర్ మామూలు బదిలీనే చూపించింది, వాళ్లు సంతకం పెట్టింది మరోదానికి. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

ట్రెజర్ అనే మరో వాలెట్ తొలి మోడల్లో పిన్ కొట్టే తీరు ముచ్చటగా ఉంటుంది. కంప్యూటర్లో తొమ్మిది ఖాళీ గళ్లు, ఏ గడిలో ఏ అంకె ఉందో వాలెట్ తెర మీద. ప్రతిసారీ అంకెలు తారుమారవుతాయి కాబట్టి, కీబోర్డు మీద నిఘా పెట్టినవాడికి ఏమీ దక్కదు.

తగిలించే ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. నెట్ సెంటర్, ఆఫీసు కంప్యూటర్ల జోలికి పోకూడదు. యాప్‌ను సెర్చ్ ప్రకటనల నుంచి కాక, కంపెనీ సైట్ చిరునామా స్వయంగా టైపు చేసి దించుకోవాలి. 2023లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ యాప్ దూరి లక్షల డాలర్లు కాజేసింది. కొత్త డబ్బాలో రికవరీ పదాలు ముందే రాసి ఉన్న కాగితం కనిపిస్తే ఆ వాలెట్ వాడకూడదు. పదాలన్నీ వరుసగా కంప్యూటర్లో కొట్టమని ఏ యాప్ అడిగినా, కస్టమర్ కేర్ పేరుతో ఎవరు అడిగినా వెంటనే కేబుల్ పీకేయాలి.

పెద్ద మొత్తం పంపేముందు కొద్దిపాటి నాణెం పంపి, అవతల చేరిందో లేదో చూసుకోండి. ఒకసారి బ్లాక్‌చెయిన్‌లో ఖరారైన బదిలీని రద్దు చేసే బ్యాంకు ఎక్కడా లేదు.