బీటెక్ చదివి మళ్ళీ ఎంఏ ఎందుకు? ఒక గుంత నేర్పిన పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎందుకు చేశావ్? దాంతో ఏమొస్తది?" ఈరోజు దీనికి పూర్తి జవాబు చెప్తాను.

మాది పీర్జాదిగూడ. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వస్తుంటే తగుల్తది. 2021 వానాకాలంలో మా గల్లీ మలుపు దగ్గర ఎవరో రోడ్డు తవ్వారు, పూడ్చకుండా వదిలేశారు. ఒకరోజు రాత్రి వాన పడుతోంది, గుంత నిండా నీళ్ళు. నాన్న బండి మీద వస్తూ అందులో పడిపోయారు. కాలు విరిగింది. మూడు నెలలు మంచంలోనే ఉన్నారు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఒక ఆఫీసుకి వెళ్తే "తవ్వింది మేం కాదు" అన్నారు. ఇంకో ఆఫీసుకి వెళ్తే "తవ్విందెవరైనా రోడ్డు మాది కాదు కదా" అన్నారు. మూడో చోట "సార్ లేరు, రేపు రండి". ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టాను. లైకులు వచ్చాయి కానీ గుంత మాత్రం అట్లనే ఉంది.

అప్పుడు నాకొక డౌట్ వచ్చింది. మా ఆఫీసులో ఒక బగ్ వస్తే, ఆ కోడ్ ఎవరిదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మరి ఒక గుంత ఎవరిదో మూడు వారాలైనా ఎందుకు తెలీదు? దీని గురించి చదువుదామని డిస్టెన్స్‌లో ఎంఏలో చేరాను. నాన్న మంచం మీద నుంచే అన్నారు, "ఏందిరా, బీటెక్ చదివి మళ్ళీ ఎంఏనా? ఇంజినీరింగ్ ఫీజు అంతా ఉత్తదేనా?"

సరే, అసలు సబ్జెక్ట్‌లోకి వద్దాం. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అంటే సింపుల్‌గా, ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం మన గల్లీ దాకా ఎలా వస్తుంది, మధ్యలో ఎక్కడ ఆగిపోతుంది అనే చదువు. దీన్ని విడిగా ఒక సబ్జెక్ట్‌లా చదవాలని 1887లో ఉడ్రో విల్సన్ ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయన ప్రొఫెసర్. అమెరికా ప్రెసిడెంట్ అయ్యింది చాలా ఏళ్ళ తర్వాత.

సిలబస్‌లో నాకు ఫస్ట్ షాక్ ఇచ్చిన పేరు హెర్బర్ట్ సైమన్. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఈయన తెలిసే ఉంటారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పనికి 1975లో ట్యూరింగ్ అవార్డ్ వచ్చింది. 1978లో ఎకనామిక్స్ నోబెల్ కూడా. అదే మనిషి ఇక్కడ కూడా ఒక చాప్టర్! ఆయన చెప్పేదేంటంటే, ఏ మనిషీ అన్ని విషయాలూ తెలుసుకుని బెస్ట్ నిర్ణయం తీసుకోలేడు. ఉన్న టైమ్‌లో, ఉన్న సమాచారంతో "ఇది చాల్లే" అనిపించేది చేస్తాడు. కౌంటర్‌లో కూర్చున్న ఆయనకి "మాది కాదు" అనడమే అన్నిటికన్నా ఈజీ నిర్ణయం. అది కరెక్ట్ అని నేననడం లేదు. కానీ ఎందుకు అంటున్నారో అర్థమైతే, ఆ మాట అనే అవకాశం లేకుండా ఎలా అడగాలో మనకి తెలుస్తది.

రెండోది రాజ్యాంగం. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి. రోడ్లు, నీళ్ళు, వీధి దీపాలు అన్నీ అందులోనే. కానీ చిన్న మెలిక ఉంది. ఈ పనుల్ని మున్సిపాలిటీలకి రాష్ట్రం "ఇవ్వొచ్చు" అని ఉంటుంది, "ఇచ్చి తీరాలి" అని కాదు. అందుకే మన దగ్గర నీళ్ళు వాటర్ బోర్డు, కరెంటు డిస్కం, హైవే కేంద్రం, గల్లీ రోడ్డు మున్సిపాలిటీ. ఒకే రోడ్డు కింద ఇంతమంది యజమానులు!

మా ఊరినే చూడండి. గ్రామ పంచాయతీగా ఉండేది. 2016లో మున్సిపాలిటీ అయ్యింది, 2019లో కార్పొరేషన్ అయ్యింది, 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. పదేళ్ళలో బోర్డు మూడుసార్లు మారింది. మా గల్లీ మాత్రం అదే.

ఇప్పుడు అసలు మ్యాటర్. చదువుతుండగా సమాచార హక్కు చట్టం, 2005 దగ్గరికి వచ్చాను. సెక్షన్ 6(3) చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీరు అడిగిన సమాచారం ఆ ఆఫీసులో లేకపోతే, "మాది కాదు" అని తిప్పి పంపకూడదు. 5 రోజుల్లోపు సరైన ఆఫీసుకి వాళ్ళే పంపి, ఆ సంగతి మనకి చెప్పాలి. జవాబుకి గడువు 30 రోజులు. ఫీజు 10 రూపాయలు.

మళ్ళీ అదే మలుపులో ఇంకోసారి తవ్వినప్పుడు, ఈసారి నేను కోప్పడలేదు. ఇంట్లో కూర్చుని అప్లికేషన్ రాశాను. ఇక్కడ ఒక టిప్, బాగా గుర్తుపెట్టుకోండి. "గుంత ఎందుకు పూడ్చలేదు?" అని అడగకండి. ఈ చట్టం కింద మనం అడగాల్సింది కారణాలు కాదు, రికార్డులు. నేను అడిగింది ఇది: "ఫలానా చోట రోడ్ కటింగ్‌కి ఇచ్చిన పర్మిషన్ కాపీ, మళ్ళీ రోడ్డు వేయాల్సిన గడువు, బాధ్యుడైన అధికారి హోదా." అంతే. పేరు, తేదీ, గడువు ఉన్న కాగితం బయటికి వచ్చే టైమ్ అయ్యింది. ఇరవై రెండో రోజు గుంత పూడ్చేశారు. కాపీ ఆ తర్వాత వారానికి వచ్చింది.

నాన్న ఆ కవర్ తీసుకుని రెండుసార్లు చదివారు. "ఇది అప్పుడే తెలిసుంటే బాగుండేది కదరా" అన్నారు. ఆయన ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటారు. కాబట్టి దీన్ని సక్సెస్ స్టోరీ అని నేను చెప్పను.

ఇక మీరు చేరాలా వద్దా? ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు, రెండేళ్ళ కోర్సు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, అదే మన హైదరాబాద్‌లో ఉన్న ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. అంటే జాబ్ చేస్తూ చదివే దారి మనకి దగ్గర్లోనే ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో ఇది ఆప్షనల్, రెండు పేపర్లు, 500 మార్కులు. కానీ ఈ డిగ్రీ ఒక్కటి చూపిస్తే ఉద్యోగం ఇవ్వరు, అది క్లియర్‌గా చెప్తున్నా. ఇంకో మాట, మన బీటెక్ వాళ్ళం అన్నీ పాయింట్లుగా రాస్తాం. నేను మొదటి ఏడాది అట్లనే రాసి ఒక పేపర్ పోగొట్టుకున్నాను. ఇక్కడ ఒక వాదన మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్ళాలి.

డిగ్రీ చేయకపోయినా పర్లేదు, ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంటి ముందు రోడ్డు, లైటు, నీళ్ళ పైపు, ఈ మూడూ ఎవరి కిందికి వస్తాయో కనుక్కుని ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. అవసరం పడ్డ రోజు రాత్రిపూట వెతుక్కునే పరిస్థితి రాకూడదు. మళ్ళీ కలుద్దాం, బండి మీద జాగ్రత్త.