పుండు మానవలెనన్న పప్పు మానరాదు

మధుమేహము గల వృద్ధుల కాలికి పుండు పడినచో, పప్పు, గ్రుడ్డు, మాంసము మాన్పించుట మన గ్రామములలో వాడుక. అవి తిన్నచో చీము పట్టునని పలువురి నమ్మకము. తుదకు వారికి చారన్నమే పథ్యమగుచున్నది. ఇందు రెండు కీడులు కలవు. అన్నమే ఎక్కువైనచో రక్తములో చక్కెర పెరుగును. పుండు పూడుటకు కావలసిన మాంసకృత్తులు అందవు. చీమునకు కారణము సూక్ష్మజీవులే గాని పప్పు కాదు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములకు కొర్రలు, జొన్నలు క్రొత్తవి కావు. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమే ‘సూర్యనంది’ కొర్రను రూపొందించినది. ఇవి మంచివే, అయినను మితము తప్పరాదు. పళ్ళెములో సగము ఆకుకూరలు, కూరగాయలు, పావుభాగము పప్పు, గ్రుడ్డు లేక చేప, తక్కిన పావుభాగము కొర్రన్నము లేక జొన్నరొట్టె ఉండవలెను. పండ్లు లేనివారికి మెత్తగా ఉడికించి పెట్టవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాంసకృత్తుల పరిమాణమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మధుమేహమునకు మాత్రలు, ఇన్సులిన్ వాడువారు పస్తుండరాదు. చక్కెర మితిమీరి తగ్గి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఆహారము చికిత్సకు తోడే గాని బదులు కాదు. స్పర్శ తగ్గిన పాదమునకు నొప్పి తెలియదు. నొప్పి లేదుగదా యని ఆలస్యము చేసినచో కాలినే తీసివేయవలసి రావచ్చును. కావున పంచాయతీ సభ్యులకు మేము విన్నవించునది యొక్కటే: పింఛను పంచు దినమున ఆశా కార్యకర్తచే వృద్ధుల పాదములను చూపింపుడు. పుండు, నలుపు, దుర్వాసన కనిపించినచో ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి పంపుడు.