నిదానమే ప్రధానం: నడివయసు దాటిన తరువాత మారథాన్ పరుగు

ఏటా జనవరి నెలలో ఒక ఆదివారం, తెల్లవారక మునుపే, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ఎదుట వేలాది మంది పరుగుకు సిద్ధమై నిలుస్తారు. 2004లో ఆరంభమైన ముంబయి మారథాన్ నేడు నగర జీవనంలో ఒక పర్వదినంగా స్థిరపడింది. ముందువరుసలో నిలిచే వృత్తి క్రీడాకారులు కొద్దిమందే. వారి వెనుక ఉన్నవారిలో బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు ఉంటారు. బడి విడిచాక నలభై ఏళ్లు దాటేవరకు పరుగు ఊసే ఎత్తనివారు వీరిలో ఎందరో.

వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు తెల్లవారుజామున లేవడం కొత్త కాదు. ఒకప్పుడు మిల్లు కూత వారిని నిద్రలేపేది. దేహానికి కావలసిన శ్రమ మగ్గం దగ్గరే దొరికేది. వారి పిల్లల్లో చాలామందిది కుర్చీలో కూర్చొని చేసే పని. నడివయసులో రక్తపోటో షుగరో బయటపడి, వైద్యుడు నడవమంటే సముద్రతీరానికి వస్తారు. కొన్ని నెలలకు ఆ నడకే పరుగుగా మారుతుంది. అప్పుడు ఇంటివారు, ఇరుగుపొరుగువారు అడిగే ప్రశ్న ఒక్కటే: “ఈ వయసులో పరుగేమిటి?” ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకుండా సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మారథాన్ ఎంత దూరం?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 నాటి లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఈ దూరాన్నే 1921లో ప్రామాణికంగా స్వీకరించారు. సీఎస్ఎంటీ నుంచి ఠాణే స్టేషను వరకు ఉన్న రైలు దూరం కన్నా ఇది ఎక్కువ. అందులో సగం హాఫ్ మారథాన్. ముంబయిలో వీటితోపాటు 10 కిలోమీటర్ల పరుగు, వయోవృద్ధుల కోసం ప్రత్యేకమైన చిన్న పరుగు కూడా ఉన్నాయి. కాబట్టి మొదటి ఏడాదే పూర్తి దూరానికి పేరు నమోదు చేసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారు

జలంధర్ సమీపంలోని బ్యాస్ గ్రామంలో పుట్టిన ఫౌజా సింగ్, భార్యను, కుమారుణ్ణి పోగొట్టుకొన్న దుఃఖంలో, లండన్‌లో ఉంటూ పరుగును ఆశ్రయించాడు. 2000లో లండన్ మారథాన్ పూర్తిచేసేనాటికి ఆయన వయసు 89 సంవత్సరాలు. 2011లో, నూరేళ్ల వయసులో, టొరంటో మారథాన్‌ను ఎనిమిది గంటలకు పైగా శ్రమించి ముగించాడు. జనన ధ్రువపత్రం లేనందున గిన్నిస్ సంస్థ ఆ ఘనతను నమోదు చేయలేదు. అమెరికాకు చెందిన విశ్రాంత వైద్యురాలు మాథియా అలన్‌స్మిత్ 46వ ఏట పరుగు ప్రారంభించి, 2022లో 92 ఏళ్ల వయసున హోనొలులు మారథాన్ పూర్తిచేసింది. వీరు అసామాన్యులు; అందరికీ కొలమానం కాలేరు. అయితే యౌవనం దాటగానే ద్వారం మూసుకుపోదని వీరి జీవితాలు రుజువు చేస్తున్నాయి.

దేహం ఏమంటుంది?

శ్రమ చేసేటప్పుడు దేహం వినియోగించుకోగల ప్రాణవాయువు పరిమాణం, వ్యాయామం లేనివారిలో, ముప్పై ఏళ్ల తరువాత దశాబ్దానికి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పక వ్యాయామం చేసేవారిలో ఈ తగ్గుదల నెమ్మదిస్తుంది. లండన్ మారథాన్‌లో మొదటిసారి పరుగెత్తిన 138 మందిని పరిశీలించిన అధ్యయనం 2020లో వెలువడింది. సుమారు ఆరు నెలల సాధనతో వారి రక్తపోటు కొంత తగ్గింది. గుండె నుంచి వెలువడే బృహద్ధమని వయసుతో బిరుసెక్కుతుంది. సాధన వలన అది నాలుగేళ్లు వెనక్కు వెళ్లినంతగా మెత్తబడింది. ఎక్కువ మేలు పొందినవారు చురుకైన యువకులు కారు. వయసులో పెద్దవారు, నెమ్మదిగా పరుగెత్తినవారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యాభై, ఆపై వయసులో ఉన్న 538 మంది పరుగెత్తేవారిని, వారితో పోల్చదగిన ఇతరులను 1984 నుంచి రెండు దశాబ్దాల పాటు గమనించారు. పందొమ్మిదేళ్లకు పరుగెత్తేవారిలో 15 శాతం, ఇతరులలో 34 శాతం మరణించారు. ఆరోగ్యవంతులే పరుగును ఎంచుకొనే అవకాశం ఉంది కాబట్టి ఈ తేడా అంతా పరుగు ఫలమే అనడం సరికాదు. పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయాన్ని కూడా ఆ పరిశీలన సమర్థించలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దేహంలోని అవయవాలన్నీ ఒకే వేగంతో బలపడవు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే శ్రమకు అలవాటుపడతాయి. కండరాలను ఎముకలకు బిగించే స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. రెండవ నెలలో ఆయాసం తగ్గగానే “ఇంకా పరుగెత్తగలను” అన్న ఉత్సాహం కలుగుతుంది. ఊపిరి సిద్ధమైనా మడమ, పిక్క, మోకాలు ఇంకా సిద్ధం కాలేదన్న సంగతి అప్పుడు తెలియదు. నడివయసు సాధకులు గాయపడి ఇంట కూర్చొనేది తరచుగా ఈ దశలోనే. అందుచేత మొదలుపెట్టే విషయంలో “ఆలస్యం అమృతం విషం” అన్న సామెత, ముందుకు సాగే విషయంలో “నిదానమే ప్రధానం” అన్న సామెత గుర్తుంచుకోవాలి.

సాధన క్రమం

ముందుగా వైద్యుణ్ణి కలవాలి. రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలతోపాటు ఈసీజీ చేయించుకోవడం మంచిది. కుటుంబంలో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారుంటే ఆ విషయం దాచకుండా చెప్పాలి. ఇన్సులిన్ వంటి మందులు వాడేవారికి పరుగు వేళ షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు గురించి ముందే సలహా తీసుకోవాలి.

మొదటి రెండు మూడు నెలలు చురుకైన నడక చాలు. తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున సాగాలి. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. మాట తడబడితే తగ్గించాలి. వారం మొత్తం దూరాన్ని పదోవంతుకు మించి పెంచరాదన్నది సాధకులు పాటించే నియమం. వారానికి మూడు నాలుగు రోజుల పరుగు, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, తప్పనిసరి విశ్రాంతి ఉండాలి. బహిష్టులు ఆగిన తరువాత స్త్రీలలో ఎముకల సాంద్రత త్వరగా తగ్గుతుంది కాబట్టి వారికి బలవ్యాయామం, సరైన ఆహారం మరింత అవసరం. మొదటి ఏడాది 10 కిలోమీటర్లు, మరుసటి ఏడాది హాఫ్ మారథాన్, ఆపై పూర్తి మారథాన్ అనుకొంటే దేహానికి తగిన వ్యవధి దొరుకుతుంది.

గుండె, నీరు

అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న 1.09 కోట్ల మందిలో 59 మందికి పరుగు వేళ గుండె ఆగిపోయింది. వారిలో 42 మంది మరణించారు. అంటే ప్రమాదం అరుదు, కానీ శూన్యం కాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, తల తిరగడం, అలవాటు లేని ఆయాసం కలిగితే వెంటనే ఆగిపోవాలి. పతకం మరుసటి ఏడాదికీ ఉంటుంది. మహారాష్ట్రలో అంబులెన్సుకు 108 నంబరుకు ఫోను చేయవచ్చు.

నీరు తక్కువైతే వచ్చే చిక్కు అందరికీ తెలుసు. ఎక్కువైతే వచ్చే చిక్కు కొందరికే తెలుసు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గినట్లు తేలింది. దారిలో ఎక్కువసేపు ఉండి, ప్రతి నీటి కేంద్రం వద్దా తాగుతూ పోయే నిదానపు పరుగువారికి ఈ ముప్పు ఎక్కువ. దాహమైనప్పుడు, దాహమైనంతే తాగాలి.

రోడ్డు మీద

తారు రోడ్డు కన్నా మొదట శివాజీ పార్కు చుట్టూ ఉన్న బాట, వర్లీ తీరం, మెరైన్ డ్రైవ్ కాలిబాట వంటి చోట్లను ఎంచుకోవడం మేలు. రోడ్డు తప్పనిసరైతే ఎదురుగా వచ్చే వాహనాలు కనబడే పక్కనే పరుగెత్తాలి. చీకటివేళ లేత రంగు దుస్తులు ధరించాలి. చెవులలో పాటలు వద్దు. స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలసి వెళితే ధైర్యంగా ఉంటుంది.

ఈ జాగ్రత్తలు చిన్నవిగా తోచవచ్చు. కానీ ఫౌజా సింగ్‌ను నూరేళ్ల వార్ధక్యం ఆపలేదు. 42 కిలోమీటర్ల దూరం ఆపలేదు. 2025 జూలైలో, 114 ఏళ్ల వయసున, సొంత ఊరి రోడ్డు మీద ఒక వాహనం ఢీకొని ఆయన కన్నుమూశాడు. ఆ వార్త పరుగెత్తేవారికి ఎంత హెచ్చరికో, వాహనం నడిపేవారికీ అంతే హెచ్చరిక. తెల్లవారుజామున ఖాళీగా కనిపించే రోడ్డు మీద, ఆ వయసులో ధైర్యం చేసి ఇల్లు కదిలిన ఒక పెద్దాయనో, ఒక పెద్దమ్మో ఉండవచ్చు. వారి కోసం వేగం తగ్గించడం కూడా పౌరధర్మమే.