ట్యాబ్‌లో ఉంటే భద్రమేనా? యాత్రా ఫొటోల చుట్టూ అల్లుకున్న అపోహలు

2020లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్, చాలా ఇళ్లలో ఇప్పుడు ఫొటోల ఆల్బమ్ అయింది. పెంబర్తి ఇత్తడి పనితనం, పాలకుర్తి గుట్ట, పోతన పుట్టిన బమ్మెర, కురవి వీరభద్రుడి జాతర, గూడూరు దగ్గరి భీముని పాదం జలపాతం, గణపురం కోటగుళ్లు, కాళేశ్వరం సంగమం... జనగామలో మొదలుపెట్టి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా తిరిగొస్తే ఫోన్‌లో వందల కొద్దీ ఫొటోలు పోగవుతాయి. వాటిని పెద్ద తెర మీద పది మందీ చూడటానికి, తీరిగ్గా దిద్దుకోవడానికి ట్యాబ్ చక్కటి సాధనం. చిక్కంతా దిద్దే చోటే దాచే చోటు కూడా అనుకోవడంలో ఉంది. ట్యాబ్ పనిబల్ల మాత్రమే, బీరువా కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే కింది అపోహల్లో సగం పుట్టాయి.

అపోహ: ఎడిటింగ్ అంటే మోసం. అసలైన ఫొటోని ముట్టుకోకూడదు.

రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు వెళ్లినవాళ్లను అడగండి. 1990లో వెలుగులోకి వచ్చిన ఆ రాతి చిత్రాలు కొన్నిచోట్ల కంటికే సరిగా ఆనవు. ఎర్రటి రాతి మీద జేగురు రంగు గీతలాయె! మామూలుగా తీసిన ఫొటోలో అవి రాతి మరకల్లో కలిసిపోతాయి. కాంట్రాస్ట్ కొంచెం పెంచి, ఎరుపును పక్క రంగుల నుంచి విడదీస్తే బొమ్మ పైకి తేలుతుంది. పరిశోధకులు చేసేదీ ఇదే. ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలో వాడే ఒక పద్ధతిని తీసుకుని జాన్ హార్మన్ 2005లో రాతి చిత్రాల కోసమే డీస్ట్రెచ్ అనే సాధనాన్ని తయారుచేశారు. ఇప్పుడది ఫోన్ యాప్‌గా కూడా దొరుకుతోంది. బొమ్మ స్పష్టంగా పడాలని రాతి మీద నీళ్లు చల్లేవాళ్లు, సుద్దతో గీతలు దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. వేల ఏళ్లు నిలిచిన రంగుకు వాళ్లు చేసే చేటుతో పోలిస్తే తెర మీద స్లైడర్ జరపడం ఎంతో నయం.

డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ సంగతి కూడా అంతే. 1939లో ప్రతిష్ఠించిన ఆ చర్చిని దగ్గర నిలబడి, ఫోన్ పైకెత్తి తీస్తే గోపురాలు వెనక్కి ఒరిగినట్టు పడతాయి. స్నాప్‌సీడ్ యాప్‌లోని పర్‌స్పెక్టివ్ సాధనంతో వాటిని నిటారుగా నిలబెట్టడం మోసం కాదు, భవనానికి న్యాయం చేయడం.

మోసం వేరే చోట ఉంది. కోటగుళ్లలో మన ముందు నడుస్తున్న జనాన్ని మ్యాజిక్ ఎరేజర్ లాంటి సాధనంతో చెరిపేస్తే, ఆ ఖాళీని యాప్ తన ఊహతో నింపుతుంది. జనం వెనక నిజంగా ఏ రాయి ఉందో దానికి తెలియదు. పచ్చిక మీద అయితే ఎవరికీ పట్టదు గానీ శిల్పం మీద అలా చేస్తే, కాకతీయులు చెక్కని శిల్పాన్ని మనం చెక్కించినట్టవుతుంది. శాసనాలతో ఇంకా జాగ్రత్త. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. అలాంటి రాతను మసకగా తీసి, కృత్రిమ మేధ ‘షార్ప్’ మీట నొక్కితే అరిగిన అక్షరం చోట అక్షరంలాంటి మరేదో వచ్చి కూర్చోవచ్చు. చదివేవాడికి అది కొత్త పాఠాంతరం! వెలుగు, రంగు, వాలు సరిదిద్దండి. లేనిదాన్ని మాత్రం పుట్టించకండి. ఈ గీత దాటనంత వరకూ ఎడిటింగ్‌కు సిగ్గుపడాల్సిన పనిలేదు.

అపోహ: ఎలా తీసినా పరవాలేదు, తర్వాత ఎడిట్ చేసుకోవచ్చు.

ఇది పై అపోహకు తలకిందులు. పెంబర్తి కళాకారుడు మెరుగుపెట్టిన ఇత్తడి రేకు మీద ఎండ పడినప్పుడు తీసిన ఫొటో చూడండి. మెరుపు ఉన్నచోట పనితనమంతా పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. పై మెట్టు తాకిన చోట ఇక సమాచారమే ఉండదు, ఏ స్లైడరూ దాన్ని వెనక్కి తేలేదు. భీముని పాదం దగ్గర దూకే తెల్లటి నీటిదీ ఇదే కథ. చీకటిని కొంతవరకు వెలికితీయొచ్చు, కాలిపోయిన తెలుపును తీయలేం. కాబట్టి తీసేటప్పుడే తెర మీద మెరిసే భాగాన్ని తాకి, వెలుతురు కాస్త తగ్గించండి. రా ఫైల్‌గా తీస్తే వెసులుబాటు ఎక్కువే గానీ 12 మెగాపిక్సెళ్ల రా ఫైల్ ఒక్కటే 25 ఎంబీ వరకు తింటుంది. నలుగురు కలిసి వెళ్లే విహారానికి అది అనవసరపు బరువు.

నల్లరాతి విషయంలో జనం ఎక్కువగా చేసే పొరపాటు దీనికి వ్యతిరేకం. రామప్ప మదనికలది నల్లటి రాయి. ‘షాడోస్’ స్లైడర్‌ను చివరిదాకా లాగితే ఆ నిగనిగలాడే నలుపు సిమెంటు బూడిదరంగులోకి దిగిపోతుంది. అందాల ఫిల్టరు మనుషుల మొహాలకే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఇక మదనికలకెందుకు?

అపోహ: ట్యాబ్ తెర మీద బాగుంటే ఫొటో బాగున్నట్టే.

రాత్రి రైల్లో, డోర్నకల్ నుంచి కాజీపేట వస్తూ బెర్త్ మీద ఎడిటింగ్ చేసేవాళ్లు తరచూ ఈ ఉచ్చులో పడతారు. ఆ ఏర్పాటు ఆన్‌లో ఉంటే, చీకటి పడగానే ట్యాబ్ దానంతటదే తెరను పసుపు ఛాయకు మారుస్తుంది. శాంసంగ్‌లో ఐ కంఫర్ట్ షీల్డ్, ఐప్యాడ్‌లో నైట్ షిఫ్ట్. ఆ పసుపు తెరదే తప్ప ఫొటోది కాదు. అది తెలియక ఫొటోకి నీలం కలుపుతారు. తెల్లారి చూస్తే పాలకుర్తి గుట్ట చలికి గడ్డకట్టినట్టు ఉంటుంది. ఎడిటింగ్‌కు ముందు ఆ షీల్డును, ఐప్యాడ్‌లో అయితే నైట్ షిఫ్ట్‌తో పాటు ట్రూ టోన్‌ను కూడా ఆపేయండి. తెర వెలుతురును ఆటో నుంచి తప్పించి మధ్యస్థంగా ఉంచండి. తెరకు సొంత వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు. అందుకే స్టూడియోలో ప్రింట్ ఎప్పుడూ ఒక పాలు ముదురుగా వస్తుంది. తప్పు స్టూడియో ఆయనది కాదు.

అపోహ: ఫొటో పదేపదే తెరిచి చూసినా, కాపీ చేసినా నాణ్యత తగ్గుతుంది.

తగ్గదు. వెయ్యిసార్లు చూసినా, వంద కాపీలు తీసినా ఫైల్ అదే. జేపెగ్‌ను మార్చి మళ్లీ సేవ్ చేసినప్పుడే ప్రతిసారీ కొంత నష్టం. గూగుల్ ఫొటోస్, ఐప్యాడ్ ఫొటోస్, లైట్‌రూమ్ ఎడిట్‌ను విడిగా గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి అసలు ఫొటోకి తిరిగి వెళ్లొచ్చు. లైట్‌రూమ్‌తో ఒక్కటే మెలిక: ఫొటోలు క్లౌడ్‌లోకి చేరకముందే యాప్‌ను తీసేస్తే, అందులో దాచినవీ చేసిన మార్పులూ దానితోనే పోతాయి. అలాగే ఐప్యాడ్ నుంచి ఇచ్చిన ఫొటో పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే పాడైపోయిందని కంగారుపడొద్దు. అది హెచ్‌ఈఐసీ ఫైల్. ఆపిల్ 2017 నుంచి వాడుతున్న ఈ రకం జేపెగ్‌లో దాదాపు సగం చోటులోనే సర్దుకుంటుంది. జేపెగ్‌గా మార్చి ఇస్తే సరిపోతుంది.

అపోహ: ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం, ఇక పోయేదేముంది?

పోయేది చాలా ఉంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాలుగైదు ఎంబీల ఫొటో కొన్ని వందల కేబీలకు కుంచించుకుపోతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి, చిన్న ప్రింటుకు అది చాలు. పెళ్లి ఆల్బమ్ సైజులో గోడకు పెట్టుకోవాలంటే చాలదు. 12×18 అంగుళాల ప్రింట్ నాణ్యంగా రావాలంటే 5400×3600 పిక్సెళ్లు, అంటే 19 మెగాపిక్సెళ్లకు పైనే కావాలి. 6×4 ప్రింటుకు 2 మెగాపిక్సెళ్లు దాటితే చాలు.

పిక్సెళ్లకన్నా పెద్ద నష్టం తేదీది. ఫొటో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ తీశారో ఫైల్ లోపలే నమోదై ఉంటుంది. వాట్సాప్ దాన్ని తుడిచేస్తుంది. అందుకే గ్రూపు నుంచి దింపుకున్నవి గ్యాలరీలో తీసిన రోజు కింద కాకుండా, అందిన రోజు కింద పడతాయి. తేదీదేముంది అనుకుంటే మేడిగడ్డ గుర్తుచేసుకోండి. 2023 అక్టోబర్ 21న అక్కడి బ్యారేజీ కుంగింది. కాళేశ్వరం దర్శనానికి వెళ్లి, పనిలో పనిగా బ్యారేజీ ముందు నిలబడి సెల్ఫీలు దిగిన కుటుంబాలు ఎన్నో. అదే ఫొటో ఆ రోజుకు ముందుదైతే ఒక సాక్ష్యం, తర్వాతదైతే మరో సాక్ష్యం. తేదీ లేకపోతే అది వట్టి బొమ్మ.

అసలు ఫైల్ పంపాలంటే గ్రూపులోనైనా ‘డాక్యుమెంట్’గా జతచేయండి. పిక్సెళ్లు, తేదీ, స్థలం అన్నీ ఉన్నదున్నట్టు వెళ్తాయి. స్థలం కూడా వెళ్తుందన్నది మరచిపోవద్దు. ఇంట్లో తీసిన ఫొటోని ముక్కూమొహం తెలియనివాళ్లకు అలా పంపడం మంచిది కాదు.

అపోహ: జిల్లాల వారీగా ఫోల్డర్లు పెట్టుకుంటే వెతకడం తేలిక.

మన దగ్గర మాత్రం కాదు. రామప్ప గుడి 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లాలో ఉంది, ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగులో. గుడి కదల్లేదు, ఫోల్డర్ పేరే రెండుసార్లు మారాలి! కాళేశ్వరం ఒకప్పుడు కరీంనగర్ జిల్లాది. ఊరి పేరొక్కటే పెట్టినా చిక్కే: జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది, కోటగుళ్లున్న గణపురాన్నీ ఘన్‌పూర్ అనే రాసేవాళ్లున్నారు. ముందు తేదీ, తర్వాత ఊరు, ఆపై చూసిన చోటు రాయండి: ‘2025-05-18 కాళేశ్వరం పుష్కరఘాట్’ అన్నట్టు. ఏడాది ముందుంటే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి, ఎన్ని జిల్లాలు విడిపోయినా.

అపోహ: మెమరీ కార్డులోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కిస్తే శాశ్వతం.

ఈ రెండూ బుల్లి విద్యుదావేశాల రూపంలో సమాచారాన్ని పట్టి ఉంచుతాయి. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా సొరుగులో పడేస్తే ఆ ఆవేశం మెల్లగా జారిపోవచ్చు. అంగట్లో చవగ్గా దొరికే నకిలీ కార్డులైతే పైన 512 జీబీ అని రాసి ఉన్నా లోపల అందులో పదోవంతు కూడా ఉండకపోవచ్చు. నిండాక వేసిన ఫొటోలు కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. ఎండ మరో శత్రువు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని, వాడనప్పుడు కూడా 45 డిగ్రీలు దాటనివ్వొద్దని ఆపిల్ చెబుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కాళేశ్వరం పార్కింగ్‌లో అద్దాలు మూసిన కారు లోపలి వేడి ఆ హద్దును ఎప్పుడో దాటేస్తుంది.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మనకూ సరిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. ట్యాబ్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో వేరే ఊళ్లో ఉన్న అక్క ఇంట్లోనో మూడోది. ఇప్పటి ట్యాబ్‌లకు సీ రకం కేబుల్‌తో హార్డ్‌డిస్క్‌ను నేరుగా తగిలించొచ్చు. ఐప్యాడ్‌లో 2019 నుంచే ఫైల్స్ యాప్ దీనికి ఒప్పుకుంటోంది.

అపోహ: బ్యాకప్ ఆన్ చేసే ఉంది. గ్యాలరీలో కనిపిస్తోంది. ఇంకేం కావాలి?

ఆన్‌లో ఉండటం వేరు, పూర్తి కావడం వేరు. వైఫై దొరికితేనే పంపమని పెట్టి ఉంటే దారి పొడవునా ఒక్క ఫొటో కూడా పైకి వెళ్లదు. 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. అలాంటి రద్దీలో ఫోన్ నదిలో జారిపోతే, రాత్రి లాడ్జిలో ట్యాబ్‌లోకి కాపీ చేసుకున్నవే దక్కుతాయి. చోటు కూడా చూసుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ పంచుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్పూ అందులోనే. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. ఫొటో నాలుగు ఎంబీల లెక్కన 15 జీబీలో పట్టేవి నాలుగు వేల లోపే. 4కె వీడియోలైతే గంటలోనే నిండిపోవచ్చు. నిండాక బ్యాకప్ ఆగిపోతుంది, చాలామంది ఆ హెచ్చరికను చూసీ చూడనట్టు పక్కకు తోసేస్తారు.

గ్యాలరీలో కనిపించేదంతా ట్యాబ్‌లో ఉన్నట్టూ కాదు. ఐప్యాడ్‌లో ‘ఆప్టిమైజ్’ ఆన్‌లో ఉండి, చోటు తగ్గితే అసలు ఫొటోలు క్లౌడ్‌కు వెళ్లి, తెర మీద చిన్న ప్రతులు మిగులుతాయి. సిగ్నల్ అందని గుట్టల మధ్య ఎడిట్ చేద్దామని తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: ట్యాబ్‌లో డిలీట్ చేసినా గూగుల్‌లో ఉంటుందిగా!

అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలను మింగింది ఇదే. గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్ ఫొటోస్ అన్ని పరికరాలనూ ఒకేలా ఉంచే ఏర్పాట్లు. ట్యాబ్‌లో చోటు చాలక గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే అది క్లౌడ్‌లోనూ, అదే ఖాతా ఉన్న ఫోన్‌లోనూ పోతుంది. చోటు కావాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి. అది బ్యాకప్ అయినవాటి ప్రతులను ట్యాబ్ నుంచి మాత్రమే తీసేస్తుంది. తెలియక డిలీట్ నొక్కినా ఒక అవకాశం ఉంది. బ్యాకప్ అయిన ఫొటోలను గూగుల్ 60 రోజులు ట్రాష్‌లో ఉంచుతుంది, బ్యాకప్ కానివైతే 30 రోజులే. ఐప్యాడ్‌లోనూ 30 రోజుల దాకా ‘రీసెంట్లీ డిలీటెడ్’లో దొరుకుతాయి. ఈమధ్య చోటు కోసం యాత్రా ఫొటోలు తీసేసి ఉంటే పత్రిక పక్కన పెట్టి ముందు ఆ ట్రాష్ తెరిచి చూడండి. గడువు దాటితే గూగుల్ కూడా వాటిని తిరిగి ఇవ్వదు.