రెండు కళ్ల రోలీఫ్లెక్స్

రోలీఫ్లెక్స్ కెమెరాకు ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. పైది చూడటానికి, కిందిది ఫొటో తీయడానికి. పై లెన్సు వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. వెలుతురు దానికి తగిలి పైకి మళ్లి, కెమెరా నెత్తిన ఉన్న గరుకు గాజు పలక మీద బొమ్మ కడుతుంది. ఫొటోగ్రాఫర్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి ఆ బొమ్మను చూస్తాడు. నలుపు తెలుపు ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు దొరకదని నా నమ్మకం.

జర్మనీలోని బ్రాన్‌ష్వైగ్‌లో 1920లో పాల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె కలిసి కెమెరాల ఫ్యాక్టరీ పెట్టారు. మొదట వాళ్లు చేసినవి స్టీరియో కెమెరాలు. వాటికి మూడు లెన్సులు: అటూ ఇటూ ఫొటో తీసేవి, నడుమ చూసేది. అందులో ఒకటి తీసేసి మిగతా రెంటినీ నిలువుగా పేర్చితే రోలీఫ్లెక్స్ రూపం వచ్చేసింది. అది 1929లో మార్కెట్‌కొచ్చింది. రెండు లెన్సుల కెమెరాలు అంతకుముందూ ఉండేవి గానీ అవి బరువైన పెట్టెలు. హైడెకె ఆ పెట్టెను రెండు చేతుల్లో ఇమిడేలా కుదించి, చుట్ట ఫిల్ముతో నడిపించాడు.

1932 మోడల్ నుంచి ఇందులో 120 ఫిల్ము వేసుకునే వీలొచ్చింది. కొడాక్ కంపెనీ 1901లో తెచ్చిన ఆ ఫిల్మును ఇప్పటికీ అమ్ముతున్నారు. 1937లో వచ్చిన ఆటోమాట్ మోడల్ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. 120 ఫిల్ముకు వెనక కాగితం అంటుకుని ఉంటుంది. కాగితం ఒక్కటే నడుస్తున్నంతసేపూ మందం తక్కువ, ఫిల్ము మొదలవగానే మందం పెరుగుతుంది. ఆ సన్నని తేడాను ఒక రోలరు పసిగట్టి, లెక్క మొదలుపెట్టమని యంత్రానికి చెబుతుంది. అంతకుముందు మొదటి అంకె కోసం వెనకున్న ఎర్ర కిటికీలోంచి చూస్తూ తిప్పాల్సి వచ్చేది. ఆటోమాట్‌లో పక్కనున్న హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే ఫిల్ము జరుగుతుంది, షట్టరూ సిద్ధమవుతుంది.

ఒక్కో ఫ్రేము 56 మిల్లీమీటర్ల చదరం. 35 ఎం.ఎం. ఫ్రేముకు మూడున్నర రెట్లకు పైగా పెద్దది. ప్రింటు కోసం తక్కువ సాగదీస్తే చాలు కాబట్టి వెండి రేణువులు అంతగా కనబడవు, చర్మం మీది నునుపూ గోడ మీది గరుకూ విడివిడిగా తెలుస్తాయి. అయితే రీలుకు పన్నెండే ఫొటోలు. ఈ పొదుపే మొదటి పాఠం.

రెండో పాఠం గాజు పలక నేర్పుతుంది. అందులో కుడి ఎడమలు తారుమారు. నడిచే మనిషిని వెంబడించబోతే చేయి ఎదురు దిక్కుకు పోతుంది. కొత్తలో విసుగే, కానీ తెలిసిన ముఖం కొత్తగా కనబడటంతో వెలుగునీడల కూర్పు మీద చూపు నిలుస్తుంది. పలక మీద రంగులుంటాయి, ఫిల్ము మీద ఉండవు. ఎర్ర మందారం, దాని పచ్చని ఆకు ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. నీలాకాశం వెలవెలబోతుంది. పసుపు ఫిల్టరు పెడితే ఆ నీలం ముదిరి మబ్బులు తేలతాయి.

పాత మోడళ్లలో చాలావాటికి వెలుతురు కొలిచే మీటరు లేదు. 100 స్పీడు ఫిల్ముకు నిండు ఎండలో అపెర్చర్ 16, షట్టరు 1/100 లేదా 1/125 అన్న లెక్క ఒక్కటి గుర్తుంటే చాలు. నీడలో వెలుతురు తగ్గినకొద్దీ అపెర్చర్ తెరవాలి. నెగటివ్‌లో నీడల వివరం ఫొటో తీసేటప్పుడే నిర్ణయమైపోతుంది. కాంతి చేరని చోటును ఏ డెవలపరూ బతికించలేదు. వెలుగు భాగాలు మాత్రం డెవలపర్‌లో ఉన్నకొద్దీ చిక్కబడతాయి. అందుకే ఫిల్ము కడగడంలో నిమిషాలకూ వేడికీ అంత విలువ. సాధారణంగా 20 డిగ్రీలు పాటిస్తారు. మన వేసవిలో కుళాయి నీళ్లే 30 దాటుతాయి కాబట్టి ట్యాంకు చుట్టూ ఐసునీళ్లు పెట్టుకోక తప్పదు. చివర హైపో అనే రసాయనం వెలుతురు తగలని వెండి లవణాన్ని కరిగించేస్తుంది. దాని ఆ గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు.

మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా చేతిలో రోలీఫ్లెక్స్ ఉండేది. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన వివియన్ మేయర్ దీంతోనే వీధుల్ని తీసింది. కెమెరా కిందినుంచి చూడటంతో ఆమె ఫొటోల్లో మామూలు మనుషులు కూడా నిటారుగా, గంభీరంగా కనిపిస్తారు. ఆ ఎత్తు తేడా ఈ యంత్రం ఇచ్చిన గొప్ప వరమని నేననుకుంటాను.

తర్వాత 35 ఎం.ఎం. కెమెరాలు రాజ్యమేలాయి. 1981లో ఈ కెమెరాలు చేసిన రోలీ కంపెనీ దివాలా తీసింది. పాత కెమెరాలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. కొనేముందు షట్టరును ఒక సెకనుకు పెట్టి నొక్కి చూడండి. నూనె గట్టిపడితే ముందు మొరాయించేది ఆ నెమ్మది వేగాలే. గాజు పలక మసకబారిందేమో, లెన్సులో బూజు పట్టిందేమో టార్చి వేసి చూడండి. మొదటి రీలు 100 స్పీడుది తీసుకుని, ఎండపూట తీయండి. ప్రతి ఫ్రేముకూ అపెర్చర్, షట్టరు వేగం నోటుబుక్కులో రాసుకుని, నెగటివ్ ఆరాక పక్కన పెట్టి సరిచూసుకోండి.