పెద్దాసుపత్రి పిల్లలు

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్లు ఇద్దరు ఎక్కడ ఎదురుపడినా ముందు అడిగేది ఊరి పేరు కాదు, స్పెషాలిటీ కాదు. "ఏ బ్యాచ్?" అంతే. జవాబు రాగానే వరసలు తేలిపోతాయి. డెబ్బై దాటినాయన ఎనభైకి చేరువైనాయన్ని "సార్" అంటాడు. ఆయనేమో ఈయన్ని "ఏమోయ్" అని పిలుస్తాడు. గుండె జబ్బుల విభాగానికి పాతికేళ్లు అధిపతిగా ఉన్నవాడైనా సరే, సీనియర్ ముందు జూనియరే.

ఈ వరసల మీద నిలబడ్డ సంఘమే జింకానా. గుంటూరు మెడికల్ కాలేజ్ అల్యూమ్నై ఆఫ్ నార్త్ అమెరికా అనే పూర్తి పేరు గుంటూరులో ఎవరి నోటా వినపడదు. కన్నావారితోటలోని కాలేజీ ఆవరణలో ఏ సభ జరిగినా జింకానా ఆడిటోరియంలో జరిగిందనే పత్రికలు రాస్తాయి.

కాలేజీ పుట్టింది 1946లో. అంతకుముందు కోస్తాంధ్రలో డాక్టరు చదువంటే 1923లో మొదలైన విశాఖ కాలేజీయే. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. అక్కడి ఆసుపత్రులకు డాక్టర్లు కావలసి వచ్చారు. విదేశాల్లో చదివిన డాక్టర్లకు అక్కడ పెట్టే ఈసీఎఫ్‌ఎంజీ పరీక్ష గట్టెక్కినవాళ్లు బ్యాచ్ వెంట బ్యాచ్ విమానమెక్కారు. వాళ్లు వెంట తీసుకెళ్లిన విద్యకు ఖర్చు పెట్టింది సర్కారు. నేర్పింది మాత్రం పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి, ప్రకాశం నుంచి వచ్చి కాలేజీకి అనుబంధమైన సర్కారు పెద్దాసుపత్రి వార్డుల్లో పడుకున్న రోగులు. ఓపీ చీటీ కోసం తెల్లవారకముందే వరసలో నిలబడ్డవాళ్లు, మంచం దొరక్క వరండాలో చాప పరుచుకున్నవాళ్లు. వాళ్ల పొట్ట తడిమి కాలేయం ఎంత పెరిగిందో చెప్పడం నేర్చుకున్న కుర్రవాళ్లే తర్వాత షికాగోలో, డాలస్‌లో పెద్ద డాక్టర్లయ్యారు.

రీయూనియన్లంటే పాటలు, పట్టుచీరలు, అనాటమీ హాలు కబుర్లు, ఎవరు ఎవరిని ర్యాగింగ్ చేశారన్న పాత తగాదాలు ఉండనే ఉంటాయి. ఉండాలి కూడా. పూర్వ విద్యార్థుల సంఘాలు చాలావరకు అక్కడితోనే ఆగిపోతాయి. జింకానా ఆగలేదు. పైగా కష్టమైన దారి పట్టింది. గుడికి చందా ఇస్తే శిలాఫలకం మీద పేరు పడుతుంది, పని అయిపోతుంది. సొంతంగా ఆసుపత్రి పెడితే అజమాయిషీ మన చేతిలో ఉంటుంది. సర్కారు ఆసుపత్రికి ఇవ్వడం అలా కాదు. డబ్బు మనది, స్థలం వాళ్లది, టెండరు వాళ్లది, నర్సుల పోస్టులు వాళ్లవి. ప్రభుత్వం మారితే, కలెక్టరు మారితే, సూపరింటెండెంటు మారితే కథ మళ్లీ మొదటికొస్తుంది. సముద్రాలకు ఇవతల ఉండి ఈ ఫైళ్ల వెంట పడడానికి డబ్బున్న చెయ్యి చాలదు, విసుగులేని మనిషి కావాలి. ఆ ఓపికకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పూర్వ విద్యార్థి డాక్టర్ పొదిల ప్రసాద్ పేరిట పెద్దాసుపత్రిలో నిలిచిన సూపర్ స్పెషాలిటీ భవనం అలాంటి ఓపిక ఫలమే. 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఈ ఆసుపత్రిలోనే గుండె మార్పిడి చేసింది. కానీ అంతకు ముందు ఏడాది, 2015 ఆగస్టులో, ఇదే ఆసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. ఇలాంటి వ్యాసంలో ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. గుండెను మార్చగలిగిన చోట ఎలుకలను ఆపలేకపోయారంటే లోటు భవనాలదో నైపుణ్యానిదో కాదు, రోజువారీ నిర్వహణది. దాతలు అది గుర్తుంచుకోవాలి.

2022లో డాలస్‌లో జరిగిన జింకానా రీయూనియన్ గురించి మనవాళ్లలో తెలియనివారు ఉండరు. 1960ల నాటి విద్యార్థిని, అలర్జీ, ఇమ్యునాలజీ నిపుణురాలు డాక్టర్ గవిని ఉమాదేవి తల్లీపిల్లల విభాగానికి 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. అది ఆమె జీవితకాలపు సంపాదన. ఆమెకు పిల్లలు లేరు. మత్తు వైద్యుడైన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు అంతకు కొన్నేళ్ల ముందే కన్నుమూశారు. భవనానికి మీ పేరు పెడతామంటే ఆమె వద్దన్నారు, భర్త పేరుకు మాత్రం సరేనన్నారు. ఆమె స్ఫూర్తితో మరికొందరు కూడా కోట్లలో విరాళాలు రాశారు.

ఇక ముందు సంగతి. డెబ్బైలలో అమెరికా వచ్చినవాళ్లు రిటైరయ్యారు, కొందరు వెళ్లిపోయారు. వాళ్ల పిల్లలు ఇక్కడే చదివారు, వాళ్లకు "ఏ బ్యాచ్?" అన్న ప్రశ్నే లేదు. ఇక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి ఈమధ్య వచ్చినవాళ్లకు వీసా చిక్కులు, నైట్ డ్యూటీలు, ఇంటి వాయిదాలు. వాళ్లు ఇప్పుడే కోట్లు ఇవ్వలేరు. అడగడం కూడా భావ్యం కాదు. కానీ లిఫ్టు బాగుచేయించడానికి, ఇంక్యుబేటర్ల సర్వీసు కాంట్రాక్టుకు, ఎలుకల బోన్లకు, బయోమెడికల్ టెక్నీషియన్ జీతానికి ఏటా తలా కొంత ఇవ్వగలరు. ఈ ఖర్చులకు శిలాఫలకం ఉండదు కాబట్టే ఎవరూ ముందుకు రారు. వచ్చే రీయూనియన్లో సంగీత విభావరికి ముందు ఒక అరగంట దీనికి కేటాయించి, నిర్వహణ నిధికి వేరే ఖాతా తెరవాలని పెద్దలకు ఈ జూనియర్ మనవి. సీనియర్లు "ఏమోయ్, నువ్వే చూడు" అంటే చూడ్డానికి సిద్ధం.